పామాయిల్ ధ్రువీకరణ: కాటా దగ్గరే తెగిపోయే జాడ

ఆయిల్‌పామ్ గెల కోసిన ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే పండులో ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుందని మన పెదవేగి, అశ్వారావుపేట రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలోనూ అదే తొందర. అక్కడి చిన్న రైతు గెలలను ఊళ్లోకి వచ్చే దళారికి అమ్ముతాడు. దళారి పలు తోటల సరుకును ఒకే లారీకెత్తి మిల్లు కాటా మీదికి తెస్తాడు. అందులో ఏ గెల పట్టా భూమిలో పండిందో, ఏది అడవి నరికి వేసిన తోటలోదో తూకం చీటీ చెప్పదు. అడవులకు హాని లేకుండా పండిందని పామాయిల్‌కు సుస్థిర ముద్ర వేసే ప్రయత్నమంతా ఇక్కడే చిక్కుకుంది.

తోటల కోసం అడవులు తరిగిపోతున్నాయన్న విమర్శ ముదిరాక, ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్, సబ్బులు, ఆహార సరుకుల కంపెనీ యూనిలీవర్, మలేషియా తోటల యజమానుల సంఘం తదితరులు కలిసి 2004లో ఆర్‌ఎస్‌పీఓ (రౌండ్‌టేబుల్ ఆన్ సస్టెయినబుల్ పామాయిల్) అనే వేదికను ఏర్పరచారు. ధ్రువీకరించిన నూనె 2008లో మార్కెట్‌కు వచ్చింది. దాన్ని మొదటి నుంచి చివరి వరకు విడి ట్యాంకుల్లో, విడి ఓడల్లో నడపడం ఖరీదైన పని కనుక సడలింపులిచ్చారు: మామూలు నూనెతో కలిపినా లెక్కల్లో పరిమాణం సరిపోతే చాలునన్నది ఒకటి, ఆ నూనెనే కొనకుండా, అంత నూనె ధ్రువీకరణతో తయారైందని చెప్పే క్రెడిట్లు కొనుక్కోవచ్చన్నది మరొకటి. ఇది మోసమనలేం, కానీ తాత్కాలిక వెసులుబాటు కావలసినది స్థిరపడిపోయింది.

ఈలోగా, రియావు రాష్ట్రంలోని టెస్సో నీలో జాతీయ పార్కులో అక్రమంగా వేసిన తోటల గెలలు మిల్లులకు చేరుతున్నాయని 2013లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ పరిశోధనే బయటపెట్టింది. ఇండోనేషియా 2011లో ఐఎస్‌పీఓ పేరిట సొంత ప్రమాణం తెచ్చింది. మలేషియా తన ప్రమాణమైన ఎంఎస్‌పీఓను 2020 నుంచి తప్పనిసరి చేసింది. 2018లో ఆర్‌ఎస్‌పీఓ తన నిబంధనల్లో అటవీ నరికివేత నిషేధాన్ని బిగించింది. అయినా ప్రపంచ ఉత్పత్తిలో ఆర్‌ఎస్‌పీఓ ముద్ర పొందినది సుమారు ఐదో వంతే. పామాయిల్‌ను అత్యధికంగా దిగుమతి చేసుకునే మన దేశంలో బేరమంతా ధర మీదే సాగుతుంది కనుక, ముద్రకు అదనంగా చెల్లించేవారు తక్కువ.

తన మార్కెట్లోకి వచ్చే పామాయిల్ వంటి సరుకులపై యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన చట్టం ఈ సడలింపులను ఒప్పుకోదు. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేలలో పండలేదని, గెల పుట్టిన కమతం అక్షాంశ రేఖాంశాలతో సహా చూపాలి. మూలం తెలియని నూనె కలవకూడదు. అమలు గడువు వాయిదా పడుతూ వస్తోంది. ఇండోనేషియా తోటల విస్తీర్ణంలో దాదాపు 40 శాతం చిన్న రైతులదే, వారిలో చాలామందికి భూమి కాగితాలే సరిగా లేవు.