రెండు మోకాళ్లకూ ఒకేసారి రోబోటిక్ మార్పిడి: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఆపరేషన్ రోబోయే చేసేస్తుంది.

చాలా రకాల రోబోల్లో రంపం పట్టేది సర్జనే. సీటీ స్కాన్‌తో గానీ, టేబుల్ మీదే ఎముకను చుక్కచుక్కగా గుర్తించి గానీ మోకాలి త్రీడీ నమూనా తయారవుతుంది. తొడ ఎముకకూ కాలి ఎముకకూ పిన్నులు బిగించి ట్రాకర్లు తగిలిస్తారు. కాలు ఎటు కదిలినా కెమెరా కనిపెడుతుంది. ఎన్ని మిల్లీమీటర్లు, ఎంత వాలులో కోయాలో సర్జన్ ఖాయం చేస్తారు. రంపం ఆ గీత దాటకుండా యంత్రం కట్టడి చేస్తుంది. ట్రాకర్ వదులైతే మాత్రం లెక్కంతా తప్పుతుంది. అందుకే కోతకు ముందు ఎముక మీది గుర్తును మళ్లీ తాకి సరిచూస్తారు. పిన్ను రంధ్రాల దగ్గర అరుదుగా ఇన్ఫెక్షన్ రావచ్చు, ఎముక విరగనూ వచ్చు.

అపోహ: మోకాలు మొత్తం తీసేస్తారు.

అరిగిన చివర్ల నుంచి తీసేది సాధారణంగా 8-10 మిల్లీమీటర్లే. పైన, కింద లోహపు తొడుగులు, మధ్యలో పాలీఎథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ బిళ్ల.

అపోహ: రోబో ఉంది కాబట్టి రెండూ ఒకేసారి చేయించుకున్నా భయం లేదు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రోబో చూసేది ఎముకనే, గుండెను కాదు. రెండు కాళ్లకూ కలిపి చేస్తే మత్తులో ఉండే సమయం, రక్తనష్టం, ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డలు చేరే ముప్పు ఒక కాలికి చేసినప్పటికన్నా ఎక్కువే. మామూలు పద్ధతిలో తొడ ఎముక మధ్య బోలులోకి కడ్డీ దించుతారు. ఆ ఒత్తిడికి లోపలి కొవ్వు రక్తంలో కలవవచ్చు. రోబోటిక్‌లో ఆ కడ్డీ అక్కర్లేదు, అది మేలే. కానీ తొడుగులను ఎముకకు అతికించే సిమెంట్ అదిమేటప్పుడూ కొవ్వు కదులుతుంది కాబట్టి ముప్పు పూర్తిగా పోదు.

గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవారికి, విపరీతమైన ఊబకాయం ఉన్నవారికి, షుగర్ అదుపులో లేనివారికి విడివిడిగా చేయడమే మంచిది. రక్తహీనత ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. రక్తస్రావం తగ్గించడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారు. మొదటి మోకాలు పూర్తయ్యాక బీపీ, ఆక్సిజన్ నిలకడగా లేవని మత్తు డాక్టర్ అంటే రెండోది ఆరోజు ముట్టుకోకూడదు. ఈ మాట రోగికి ముందే చెప్పి ఉంచాలి.

అపోహ: అయితే ఒకేసారి చేయించుకోవడమే తప్పు.

రెండూ బాగా వంగిపోయినవారికి ఒక్కటే సరిచేస్తే, ఆ కాలు పొడవై, నడకలో మళ్లీ వంచుకోవాల్సి వస్తుంది. ఆరోగ్యం సహకరిస్తే అలాంటివారికి ఒకేసారి చేయడమే నయం.

అపోహ: నెలల తరబడి మంచం మీదే.

చాలామందిని మర్నాటికల్లా వాకర్‌తో నిలబెడతారు. ఆనుకోవడానికి బాగున్న కాలు ఉండదు గనుక మొదటి రెండు వారాలు కష్టమే. ఎత్తైన కుర్చీ, చేతుల బలం అక్కరకొస్తాయి. రెండు వారాలకు మోకాలు 90 డిగ్రీల దాకా వంగాలి, పూర్తిగా చాచగలగాలి. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే చాచడం పోతుంది, తర్వాత రాబట్టడం కష్టం. వాపు కొన్ని నెలలు ఉండవచ్చు. కోతకు బయటి వైపు చర్మం మొద్దుబారడమూ మామూలే.

అపోహ: రోబోతో పెట్టింది జీవితాంతం ఉంటుంది.

మోకాలి మార్పిడి చేసిన కీళ్లలో 25 ఏళ్ల తర్వాతా పదింట ఎనిమిది పనిచేస్తున్నాయని, ఇలాంటి ఆపరేషన్ల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీల లెక్క. అవి ఎక్కువగా రోబో లేకుండా పెట్టినవే. కోతలో కచ్చితత్వం పెరిగిందన్నది నిజం. కీలు అంతకన్నా ఎక్కువకాలం మన్నుతుందని మాత్రం ఇంకా రుజువు కాలేదు.