బొమ్మల కాప్చా వెనుక కథ: టెస్టు స్క్రిప్టు ఎక్కడ బోల్తా పడుతోంది

వెబ్‌సైట్‌ను మనిషికి బదులు స్క్రిప్టే నడిపి చూసే ఆటోమేషన్ టెస్టు రాత్రి నడిచి, పొద్దునకు ఫెయిలై ఉంటుంది. లాగ్ తెరిస్తే, సబ్‌మిట్ బటన్ మీద వేసిన క్లిక్ ఏదో పేరులేని డివ్‌కు (పేజీలోని ఒక పెట్టెకు) తగిలిందని రాసి ఉంటుంది. లొకేటర్ (బటన్‌ను వెతికే గుర్తు) మార్చి, టైమౌట్‌ను 30 సెకన్ల నుంచి 60కి పెంచి నడిపితే ఒకసారి పాసవుతుంది, మరోసారి కాదు. స్క్రీన్‌షాట్ తీసి ఉంచితే అసలు సంగతి బయటపడుతుంది: ఫారం మీద తొమ్మిది గడులు, పైన ‘ట్రాఫిక్ లైట్లు ఉన్నవి ఎంచుకోండి’ అన్న ఆజ్ఞ. కాప్చా అంటే ఎదుట ఉన్నది మనిషా, ప్రోగ్రామా అని తేల్చే పరీక్ష. బొమ్మల కాప్చాను పసిగట్టే పనిముట్లు ఇలాంటి చోట అవసరమయ్యాయి. కాప్చా వచ్చిన మొదటి పదిహేనేళ్లపాటు వాటి ఊసే లేదు.

1997లో ఆల్టావిస్టా సెర్చ్ ఇంజన్‌లో కొత్త వెబ్ చిరునామాలు చేర్చే పేజీని స్పామ్ ప్రోగ్రాములు ముంచెత్తాయి. ఆండ్రీ బ్రోడర్ బృందం వంకర అక్షరాల బొమ్మ పెట్టి, చదివి టైప్ చేయమంది. ఆ తర్వాత యాహూ చాట్‌రూముల్లో బాట్ల (మనుషుల్లా నటించే ప్రోగ్రాముల) బెడద పెరిగి సమస్య కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చేరింది. లూయీ వాన్ ఆన్, మాన్యుయెల్ బ్లమ్, వాళ్ల సహచరుల 2003 పరిశోధన పత్రంతో కాప్చా అన్న పేరు స్థిరపడింది. అదే ఏడాది గ్రెగ్ మోరీ, జితేంద్ర మాలిక్ యాహూ వాడిన ఈజీ-గింపీ రకాన్ని 92 శాతం సార్లు ప్రోగ్రాముతోనే చదివించారు. పేరు కుదురుకునే లోపే తాళం వదులైందన్నమాట.

బొమ్మల వైపు మళ్లిన తొలి ప్రయత్నాల్లో మైక్రోసాఫ్ట్ వారి అసిర్రా (2007) ఒకటి. 12 ఫొటోల్లో పిల్లులేవో, కుక్కలేవో చెప్పాలి. మరుసటి ఏడాదే ఫిలిప్ గోల్ ఒక్కో ఫొటోను 82.7 శాతం కచ్చితత్వంతో గుర్తుపట్టే ప్రోగ్రాము చూపించాడు. పన్నెండూ కలిపి సరిగ్గా చెప్పే అవకాశం పది శాతమే. కానీ అలసిపోని యంత్రానికి పదిసార్లలో ఒకటి చాలు.

ఇదంతా జరుగుతున్నా టెస్టర్లకు పెద్ద చిక్కు రాలేదు. 2004లో జేసన్ హగిన్స్, బ్రౌజర్‌ను స్క్రిప్టుతో నడిపే సెలీనియం మొదలుపెట్టాక కూడా, కాప్చా ఉన్న పేజీలో అది ఎప్పుడూ ఒకేచోట ఉండేది. టెస్టు సర్వర్‌లో ఆపేస్తే సరిపోయేది. చిక్కు 2014 డిసెంబర్‌లో వచ్చింది. వంకర అక్షరాలను తమ ప్రోగ్రామే 99.8 శాతం చదవగలుగుతోందని ఆ ఏడాదే ప్రకటించిన గూగుల్, తన కాప్చా సేవ అయిన రీకాప్చా రెండో వెర్షన్‌గా ‘నేను రోబోను కాను’ అన్న చెక్‌బాక్స్‌ను తెచ్చింది. కుకీలూ, ప్రవర్తనా చూసి అనుమానం వస్తేనే బొమ్మలు అడుగుతుంది. అంటే కాప్చా పేజీలో ఉండే వస్తువు నుంచి, వస్తే వచ్చే రాకపోతే లేని సంఘటనగా మారింది. పైగా స్క్రిప్టుతో బ్రౌజర్‌ను నడిపేందుకు ఉన్న వెబ్‌డ్రైవర్ ప్రమాణం ప్రకారం, ఆటోమేషన్‌లో నడిచే బ్రౌజర్ తన వివరాలను పేజీకి చెప్పే నేవిగేటర్ వస్తువులో ‘వెబ్‌డ్రైవర్’ విలువను ట్రూ అని చెప్పాలి. డెవలపర్ తన క్రోమ్‌లో చూస్తే ఒక్క టిక్కుతో పోయే పేజీ, టెస్టులను తనంతట తానే నడిపే సీఐ సర్వర్‌లో గడులు చూపిస్తుంది. ‘నా మెషీన్‌లో బాగానే ఉంది’ అన్న మాట ఈ ఒక్కచోట అబద్ధం కాదు.

పసిగట్టడంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఐఫ్రేమ్ (పేజీలోపల మరో పేజీని చూపే చట్రం) ఉందా లేదా అని మాత్రమే చూడటం. రీకాప్చా రెండో వెర్షన్‌లో రెండు ఐఫ్రేములుంటాయి. చిరునామాలో ‘యాంకర్’ అని ఉన్నది 304×78 పిక్సెళ్ల చెక్‌బాక్స్. ‘బీఫ్రేమ్’ అని ఉన్నది బొమ్మల పెట్టె. ఈ రెండోది సవాలు రాకముందే పేజీలో చేరుతుంది. దాని తల్లి డివ్‌ను కనబడకుండా చేసి, పైకి −10000 పిక్సెళ్ల దూరంలో పారేసి ఉంచుతారు. కాబట్టి లెక్కిస్తే ప్రతి పేజీలోనూ సవాలు ఉన్నట్టే వస్తుంది. బీఫ్రేమ్ నిజంగా కనబడుతోందా, దాని పెట్టె స్క్రీన్ హద్దుల్లో ఉందా అన్న రెండూ చూడాలి. కనబడినప్పుడు పేజీ మొత్తాన్నీ కప్పే పలుచని తెల్లటి డివ్ కూడా వస్తుంది. మొదట చెప్పిన లాగ్‌లో క్లిక్ మింగేసింది అదే. దాని మీద క్లిక్ పడితే సవాలు మూసుకుపోతుంది. అందుకే గుడ్డిగా రీట్రై చేసే స్క్రిప్టు ఆనవాలు తానే చెరిపేస్తుంది.

తనిఖీని పేజీ లోడ్ కాగానే ఒకసారి చేస్తే లాభం లేదు. సబ్‌మిట్ నొక్కాక సగం సెకనుకోసారి, పదిహేను సెకన్లపాటు చూడటం మంచిది. ఎదురుచూడాల్సినవి రెండే: తర్వాతి పేజీ గానీ, బీఫ్రేమ్ గానీ. ఏది ముందొస్తే దాన్నిబట్టి నడవాలి. మనిషి బొమ్మలు పూర్తిచేసేదాకా స్క్రిప్టును ఆపితే, వచ్చిన టోకెన్‌కు (పాసైనట్టు రుజువు చేసే కోడ్‌కు) రెండు నిమిషాలే ఆయుష్షని గుర్తుంచుకోవాలి. స్క్రీన్‌షాట్‌లో గడుల కోసం వెతికే పద్ధతి ఆఖరి మార్గమే. 3×3 కావచ్చు, 4×4 కావచ్చు, మొదటిదానిలో నొక్కిన గడి స్థానంలో కొత్త బొమ్మ రావచ్చు.

2020 ఏప్రిల్‌లో, వెబ్‌సైట్లకు రక్షణ సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ రీకాప్చా వదిలి, అలాంటి మరో సేవ అయిన హెచ్‌కాప్చాకు మారింది. దాంతో చాలా సైట్లలో గూగుల్ చిరునామా మీద ఆధారపడ్డ డిటెక్టర్లకు ఏమీ దొరకలేదు. అందుకే సంస్థల చిరునామాల జాబితాను కోడ్‌లో పాతేయకుండా వేరే ఫైల్‌లో పెట్టాలి.

పసిగట్టాక బొమ్మలను కూడా స్క్రిప్టే పరిష్కరించవచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2024లో రీకాప్చా బొమ్మల సవాళ్లన్నిటినీ బొమ్మల్లో వస్తువులను గుర్తుపట్టే యోలో మోడల్‌తో దాటామని చూపించారు కాబట్టి, వీలుకాదనే మాట చెల్లదు. అయితే మన సొంత సైటుకు ఆ అవసరం లేదు. ఎప్పుడూ పాసయ్యే టెస్టు కీలను (సైటును కాప్చా సేవకు కలిపే కోడ్‌లను) గూగుల్, హెచ్‌కాప్చా, తర్వాత సొంతంగా టర్న్‌స్టైల్ తెచ్చుకున్న క్లౌడ్‌ఫ్లేర్ మూడూ ఇస్తున్నాయి. ఎప్పుడూ ఫెయిలయ్యే కీ క్లౌడ్‌ఫ్లేర్ వద్ద ఉంది, ఎర్రర్ మెసేజ్ పరీక్షకు అది పనికొస్తుంది. ఇతరుల సైటులో సవాలు వచ్చిందంటే వాళ్లు ఆగమన్నారని అర్థం, టూల్ అక్కడ ఆగి లాగ్ రాయడమే సబబు.

రీకాప్చా మూడో వెర్షన్ (2018) విషయంలో ఈ తనిఖీలేవీ పనిచేయవు. అందులో బొమ్మలే లేవు, 0.0 నుంచి 1.0 దాకా స్కోరు మాత్రమే. గూగుల్ సూచించే డిఫాల్ట్ హద్దు 0.5. స్క్రిప్టుకు తక్కువ స్కోరు వస్తే ఫారం మామూలుగా వెళ్లినట్టే కనిపించి, సర్వర్ వద్ద తిరస్కారమవుతుంది. దాన్ని బ్రౌజర్ వైపు నుంచి చూసే దారి లేదు, టోకెన్‌ను సరిచూసి గూగుల్ ఇచ్చే ‘సైట్‌వెరిఫై’ జవాబును సర్వర్‌లో లాగ్ చేసి టెస్టు రిపోర్టుకు జతచేయాలి.