ఆయాసం గాలిదా, పొట్టదా? 2000 నాటి మలుపు

2025లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు, మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవి, మన మార్కెట్లోకి వచ్చాక బెంగళూరు తెలుగువాళ్ల మధ్య పాత తగువు మళ్లీ రాజుకుంది. ఉబ్బసం ఊరి గాలి వల్లా, పెరిగిన పొట్ట వల్లా? దుమ్ము, పుప్పొడి, ఖాళీ సైట్లలో వయ్యారిభామ సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

లెక్క మారింది 2000లో, హెల్సింకిలో. ఉబ్బసం ఉన్న 38 మంది స్థూలకాయుల్లో సగం మందికి ఎనిమిది వారాలు అతి తక్కువ కేలరీల తిండి పెట్టారు. వాళ్ల బరువు 14.5 శాతం దిగింది. మొదటి సెకనులో ఊదగలిగే గాలి (ఎఫ్ఈవీ1) మిగతా సగం మందితో పోలిస్తే, ఉండాల్సిన దాంట్లో 7.2 శాతం మేర మెరుగైంది. ఏడాదికి కాస్త బరువు తిరిగొచ్చినా ఆ తేడా పోలేదు.

బరువుకూ ఊపిరికీ ఈ లంకె ఎందుకో, మారతహళ్లిలో మా బాబాయికి స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేసిన రోజు కళ్లారా చూశాను. టెక్నీషియన్ కన్నడంలో "ఊది, ఊది" అంటుంటే, ఆయన బెల్టు రెండు రంధ్రాలు వదులు చేసుకుంటే గానీ గొట్టం పట్టలేకపోయారు. పొట్ట కొవ్వు డయాఫ్రమ్‌ను, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొరను, పైకి నెడుతుంది. ఊపిరి వదిలాక లోపల మిగలాల్సిన గాలి తగ్గి, ఊపిరితిత్తుల కింది భాగంలోని సన్న శ్వాసగొట్టాలు మూసుకుపోతుంటాయి.

బరువు వల్ల కాదనేవాళ్లు 2015 నాటి అమెరికా పరిశీలన చూపిస్తారు. బరువు తగ్గించే కార్యక్రమంపై 330 మందితో చేసిన ఆ పరిశీలనలో ఉబ్బసం అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నిజమే. తగ్గింది సగటున నాలుగు కిలోలే మరి! అందులోనే పది శాతం పైగా తగ్గినవాళ్లకు మేలు కనిపించింది.

ఇవాళ్టి తగువుకు అసలు పనికొచ్చేది మాత్రం 2011 నాటిది. బరువు తగ్గించే సర్జరీ అయ్యాక, రక్తంలో అలర్జీని సూచించే ఐజీఈ మామూలుగా ఉన్నవాళ్లలో శ్వాసగొట్టాల అతి సున్నితత్వం (చిన్న కారణానికే బిగుసుకుపోయే గుణం) తగ్గింది, ఎక్కువ ఉన్నవాళ్లలో తగ్గలేదు. లావయ్యాక పట్టుకున్న ఉబ్బసం వేరు, చిన్నప్పటి అలర్జీ ఉబ్బసం వేరు. వాట్సాప్‌లో రెంటినీ కలిపేసి కొట్టుకుంటున్నారు.

బాబాయి ఉబ్బసం బడికి వెళ్లే రోజుల నాటిది. ఇంజెక్షన్‌తో ప్యాంటు వదులైంది కదా అని స్టెరాయిడ్ ఇన్‌హేలర్ బీరువాలో పెట్టేశారు. మూడు వారాలకు, అర్ధరాత్రి, నెబ్యులైజర్ కోసం ఆటోలో బయల్దేరాం. డాక్టరు బరువు గురించి అడగనే లేదు, "ఇన్‌హేలర్ ఎప్పుడు ఆపారు?" అన్నారు.