నల్ల బీరు, కూలింగ్ బీరు, గ్లిజరిన్: బీరు గురించి మా గోదావరి వైపు వినే మాటలు, అసలు సంగతులు

బీర్లు రుచి చూసి రివ్యూలు రాస్తానంటే మా కాకినాడ వైపు ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. "అదీ ఓ పనేనాండీ?" అని ఒకరు, "ఏది కొడితే బాగా ఎక్కుద్దో చెప్పు బావా" అని ఇంకొకరు. ఎంత ఎక్కుతుందో లేబుల్ మీద శాతంలో రాసే ఉంటుంది, దానికి రివ్యూ ఎందుకు? నేను చూసేది వేరు. ఈ బీరు ఏ రకానికి చెందినదని చెప్పుకుంటోంది, ఆ రకంలా ఉందా లేదా అన్నదే చూస్తాను. పిల్స్‌నర్ అనే లేత బంగారు రంగు బీరు పేరు పెట్టి అరటిపండు వాసన వస్తే, ఆ వాసన నాకెంత ఇష్టమైనా మార్కులు పోతాయి. అదే వాసన జర్మన్ గోధుమ బీరులో రాకపోతే లోపం. ఇది పట్టుబడక పుట్టిన అపోహలే సగం.

"నల్ల బీరు తాగితే అక్కడే పడిపోతాం"

హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లో (అక్కడికక్కడే బీరు కాచి పోసే చోట్లు) స్టౌట్ అనే నల్ల బీరు గ్లాసు చూడగానే మన వాళ్లు చెయ్యి వెనక్కి తీసుకుంటారు. రంగుకీ మత్తుకీ సంబంధం లేదు. బార్లీని కాఫీ గింజల్లా బాగా వేయించి, కొద్ది పాళ్లలో వేసినా బీరంతా నల్లబడుతుంది. ఐర్లండ్ గిన్నిస్ డ్రాట్ చూడ్డానికి నల్లగా ఉంటుంది గానీ అందులో ఆల్కహాల్ 4.2 శాతమే. మన వైన్ షాపుల్లో బంగారు రంగులో మెరిసే స్ట్రాంగ్ బీర్లు 8 శాతం దాకా ఉంటాయి. భయపడాల్సింది దేన్ని చూసో మీరే చెప్పండి.

"ఎంత చేదుంటే అంత అసలైన క్రాఫ్ట్ బీరు"

క్రాఫ్ట్ బీరంటే చిన్న బ్రూవరీలు కాచే బీరు. అందులో చేదెక్కువున్న ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) ఒక్కటే తాగి వచ్చినవాళ్ల మాట ఇది. చేదుని ఐబీయూ అనే లెక్కలో కొలుస్తారు. హాప్స్ పువ్వుల నుంచి వచ్చే చేదు పదార్థాలు లీటరు బీరులో దాదాపు ఎన్ని మిల్లీగ్రాములున్నాయో అది చెబుతుంది. కానీ అంకె ఒకటే అయినంత మాత్రాన రెండు బీర్లు ఒకేలా చేదెక్కవు. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపి దండిగా ఉన్న, స్ట్రాంగ్‌గా కాచే ఇంపీరియల్ స్టౌట్‌లో 50 ఐబీయూ ఉన్నా సర్దుకుపోతుంది, చల్లటి చోట పులియబెట్టే రకమైన పలచటి లాగర్‌లో అంతే ఉంటే మొహం ముడుచుకుంటారు. గోధుమ బీర్లలో చేదు దాదాపు తెలియదు, అయినా అవి క్రాఫ్ట్ బీర్లే.

పేరులో ఇండియా ఉంది కాబట్టి ఐపీఏ ఇక్కడే పుట్టిందనుకునేవాళ్లూ ఉన్నారు. దాన్ని కాచింది ఇంగ్లండ్‌లో, మన దేశంలో ఉన్న తెల్లవాళ్ల కోసం ఓడల్లో పంపారు. హాప్స్ ఎక్కువ వేస్తే బీరు త్వరగా చెడదు. ఆ కాలంలో నల్లటి పోర్టర్ అనే బీరు కూడా ఇక్కడికి బాగానే వచ్చింది.

"రుచి నాలుకది, ముక్కుతో పనేంటి?"

ముక్కు మూసుకుని ఓ గుక్క తాగండి. తీపి, చేదు, పులుపు, గ్యాస్ చురుక్కుమనడం తప్ప ఏమీ తెలియవు. మింగి ముక్కు వదిలితే అప్పుడొస్తుంది అసలు బీరు. గొంతు వెనక నుంచి ముక్కులోకి వెళ్లే వాసననే మనం చాలావరకు రుచి అనుకుంటాం. వైన్ రుచి చూసేవాళ్లలా మేం ఉమ్మేయకపోవడానికి ఇదో కారణం. మింగాక చేదు ఎంతసేపు నిలుస్తుందన్నది కూడా చూడాలి. అన్నట్టు, చేదు నాలుక వెనక భాగంలోనే తెలుస్తుందన్న పాత బొమ్మ తప్పు, నాలుకంతా తెలుస్తుంది.

అమెరికాలో 1985లో మొదలైన బీజేసీపీ అనే బీరు జడ్జీల సంస్థ మార్కుల కాగితం చూస్తే ఈ లెక్క తెలిసిపోతుంది. మొత్తం 50. రుచికి 20, వాసనకి 12, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10, నోట్లో చిక్కగా ఉందా పలచగా ఉందా అన్నదానికి 5. రంగు, నురగ, తేటదనం అన్నిటికీ కలిపి 3.

విదేశీ రివ్యూల్లో గ్రేప్‌ఫ్రూట్ అనీ ఇంకేవేవో పళ్ల పేర్లు చదివి, అవి తినలేదు కాబట్టి బీరు మనకి అర్థం కాదని వెనక్కి తగ్గేవాళ్లంటే నాకు చిరాకు. గ్రేప్‌ఫ్రూట్ అన్నదే పంపరపనస, బత్తాయి జాతి కలిసి పుట్టిన పండు. వినాయకచవితికి తెచ్చే పంపరపనస తొక్కని గోరుతో గీరి చూడండి. 1972లో అమెరికాలో విడుదలైన క్యాస్కేడ్ హాప్స్ వేసిన పేల్ ఏల్‌లో దానికి దగ్గరి వాసనే ఉంటుంది. జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసనలొస్తాయి. అరటిపండు వేశారనుకుంటారు, వెయ్యరు. అరటికి ఆ వాసననిచ్చే పదార్థాన్నే అక్కడ బీరుని పులియబెట్టే ఈస్ట్ తయారుచేస్తుంది. లవంగం ఘాటు కూడా ఆ ఈస్ట్ పనే. రావులపాలెం అరటి మార్కెట్‌లో పెరిగిన ముక్కుకి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. బెల్జియం గోధుమ బీరు విట్‌బియర్‌లో మాత్రం నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. అక్కడ కనుమరుగైపోయిన ఆ రకాన్ని 1966లో హోగార్డెన్ ఊళ్లో పియర్ సెలిస్ మళ్లీ కాచాడు.

లోపాలు కూడా ముక్కుకే దొరుకుతాయి. పచ్చి యాపిల్ వాసన వస్తే తొందరపడి బయటికి తీశారని అనుమానించాలి. వెన్న వాసన వస్తే ఈస్ట్‌కి పని ముగించే టైమ్ ఇవ్వకపోయి ఉండొచ్చు, లేదా ట్యాప్ గొట్టాలు సరిగా కడగకపోయి ఉండొచ్చు. లాగర్‌లో ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసన గట్టిగా వస్తే కాచడంలోనో చల్లార్చడంలోనో తేడా జరిగినట్టు. తడిసిన అట్టపెట్టె వాసనైతే బీరు పాతబడింది.

"కూలింగ్ ఉంటే చాలు, ఏ బీరైనా ఒకటే"

నిజమే, పళ్లు జివ్వుమనేంత చల్లగా తాగితే అన్నీ ఒకటే, ఎందుకంటే వాసన పైకి రాదు. లాగర్లకి 4 నుంచి 7 డిగ్రీలు సరిపోతుంది. ఏల్స్‌కి (లాగర్ల కన్నా వెచ్చగా పులియబెట్టేవి) 8 నుంచి 12, చిక్కటి స్టౌట్‌కి ఇంకొంచెం ఎక్కువున్నా మంచిదే. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బల్ల మీద ఉంచితే స్టౌట్‌లో కాఫీ, చాక్లెట్ వాసనలు బయటపడతాయి. రోహిణి కార్తెలో అంత ఓపిక ఎవరికీ ఉండదు, ఒప్పుకుంటాను.

తాగేటప్పటి చల్లదనం కన్నా అంతకుముందు సీసా ఎక్కడుందన్నది ముఖ్యం. మన కోస్తాలో రేకుల గోడౌన్లు, ఎండలో నిలబడ్డ లారీలు బీరుని ముసలిదాన్ని చేస్తాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే పాతబడే వేగం రమారమి రెండు మూడు రెట్లవుతుంది. చివర్లో ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పోయిన తాజాదనం తిరిగి రాదు. ఐపీఏలకి ఈ దెబ్బ ఎక్కువ. హాప్స్ వాసన ముందు పోతుంది, ఒట్టి చేదు మిగులుతుంది. తయారీ తేదీ చూడకుండా ఐపీఏ కొనొద్దు. ఒకసారి చల్లబడ్డ బీరు వేడెక్కి మళ్లీ చల్లబడితే కంపు కొడుతుందంటారు, అది తప్పు. ఆ కంపు వెలుతురు వల్ల వస్తుంది. ఎండ తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విడిపోయి గంధకం వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది, తెల్లది ఆపలేవు. డబ్బా అసలు వెలుతురు రానివ్వదు, లోపల పూత ఉంటుంది కాబట్టి రేకు రుచి కూడా దిగదు. డబ్బా బీరు చిన్నచూపు చూడాల్సిన పని లేదు.

"నురగొస్తే బీరు తగ్గిపోయినట్టు"

రెండు వేళ్ల మందం నురగ ఉండాలి, వాసనని పైకి తెచ్చేది అదే. నురగ చప్పున కూలిపోతే చాలాసార్లు తప్పు బీరుది కాదు, జిడ్డు గ్లాసుది. గ్లాసు లోపలి గోడకి బుడగలు అంటుకుని ఉంటే మళ్లీ కడగమనండి.

"పుల్లటి బీరంటే చెడిపోయిన బీరు"

ఈ మాట మన వాళ్ల నోట విన్నప్పుడల్లా ఆశ్చర్యమేస్తుంది. పొద్దున్న తియ్యగా దిగిన తాటికల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కడం తెలిసినవాళ్లం కదా మనం! కల్లులో ఎవరూ ఈస్ట్ కలపరు, గాలిలో, ముంతలో ఉన్న సూక్ష్మజీవులే పులియబెడతాయి. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ బీరు కూడా ఇదే దారి. కాచిన రసాన్ని రాత్రంతా వెడల్పాటి తొట్లలో తెరిచి ఉంచి, తర్వాత చెక్క పీపాల్లో పోసి ఒకటి నుంచి మూడేళ్ల దాకా ఉంచుతారు. జర్మనీలో గోజె అనే ఇంకో పుల్లటి బీరుంది, అందులో ఉప్పు, ధనియాలు పడతాయి. రొయ్యల వేపుడుకి దానంత బాగా కుదిరే బీరు నాకు తెలియదు. కారం మండుతున్న నోటితో ఐపీఏ తాగితే మాత్రం మంట, చేదు రెండూ రెచ్చిపోతాయి. ఇక బియ్యం వేస్తే కల్తీ అనేవాళ్లకి ఒక్క మాట: జపాన్ లాగర్లు చాలావాటిలో, అమెరికా బడ్‌వైజర్‌లో బియ్యం ఉంటుంది. బీరు తేలికపడాలని వేస్తారు, దొంగతనం కాదు.

"సీసా నీళ్లలో బోర్లిస్తే గ్లిజరిన్ దిగిపోతుంది"

మూత తీసిన సీసాని నీళ్ల గ్లాసులో బోర్లించి, కిందికి జారే చిక్కటి తీగని చూపించి "అదిగో గ్లిజరిన్" అంటారు. ఆ దిగేది బీరే. పులియకుండా మిగిలిన చక్కెరల వల్ల చాలా బీర్లు నీళ్లకన్నా కాస్త బరువు, అందుకని కిందికి జారి, నీళ్లు పైకి ఎక్కుతాయి. గ్లిజరిన్ బీరులో పూర్తిగా కలిసిపోయేది, విడిగా దిగడం కుదరదు. ఈస్ట్ తనంతట తానే లీటరుకి ఒకటి రెండు గ్రాములు తయారుచేస్తుంది కూడా. ఇలా చేసి మీరు తాగేది నీళ్లు కలిసిన బీరు.

"బీరు మందు కాదు, పైగా కిడ్నీలో రాళ్లు పోతాయి"

650 మిల్లీలీటర్ల 8 శాతం బీరులో 52 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్ ఉంటుంది. మన దేశపు విస్కీ 42.8 శాతం, 60 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 26. అంటే ఒక స్ట్రాంగ్ సీసా రెండు పెద్ద పెగ్గులు. రాళ్ల సంగతికొస్తే, ఆల్కహాల్ మూత్రం ఎక్కువ పోయించి ఒంట్లో నీరు తగ్గిస్తుంది. రాళ్లున్నవాళ్లకి కావాల్సింది నీళ్లు, డాక్టరు.

మేం బీర్లు రుచి చూడ్డానికి కూర్చున్నప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో రకం 60 నుంచి 100 మిల్లీలీటర్లు, నాలుగైదు రకాలు, అంతే. తేలికవి ముందు, చేదువి, స్ట్రాంగ్‌వి తర్వాత. మధ్యలో నీళ్లు, ఉప్పూ కారం లేని మరమరాలు. అత్తరు, గుట్కా ఉన్నవాళ్లకి ఆ బల్ల దగ్గర చోటు లేదు. బండి తాళాలు ఇంటి దగ్గరే ఉండాలి, కాలవ గట్ల మీద రాత్రి ప్రయాణం తాగనివాళ్లకే కష్టం. యానాంలో రకాలు ఎక్కువ, ధర తక్కువ అని సంచిలో వేసుకొచ్చేవాళ్లు ఎక్సైజు చెక్‌పోస్టు సంగతి గుర్తుంచుకోండి.

మీరూ రాయాలనుకుంటే నక్షత్రాలు ఇచ్చే ముందు నాలుగు రాయండి: ఏ రకం అని చెప్పుకుంటోంది, తయారీ తేదీ ఎప్పుడు, సీసానా డబ్బానా ట్యాపా, ఎంత చల్లగా తాగారు. ఇవి లేని రివ్యూ నేను చదవను.