బౌవీ అట్టల మీద ముఖం

చిరంజీవులకు,

మీ ఫోన్‌లో పాట పక్కన గోరంత కనిపించే బొమ్మ ఎల్పీ రికార్డుల (పాటలుండే పెద్ద నల్లటి పళ్లేల) కాలంలో రికార్డును పెట్టే సుమారు 31 సెంటీమీటర్ల చదరపు అట్ట. గాయకుడు వేషం మార్చాడంటే జనానికి ముందు తెలిసేది దాని మీదే. ఇందులో ఆరితేరినవాడు లండన్ గాయకుడు డేవిడ్ బౌవీ. ఆయన అట్టల్ని ఏళ్ల వరసలో పక్కపక్కన పెట్టి చూడండి. ఏ అట్టా ఒంటరిగా మాట్లాడదు, ముందున్న దానికి జవాబు చెబుతుంది.

1972లో వచ్చిన 'జిగ్గీ స్టార్‌డస్ట్' అట్ట మీద మనిషి చాలా చిన్నగా ఉంటాడు. లండన్ హెడన్ స్ట్రీట్‌లో రాత్రిపూట, ఓ దుకాణం బోర్డు కింద గిటార్‌తో నిలబడ్డాడు. బ్రయాన్ వార్డ్ తీసింది నలుపు తెలుపు ఫోటో. టెర్రీ పాస్టర్ దానికి తర్వాత రంగులద్దాడు. అందుకే వీధి నిజంలాగానూ మనిషి బొమ్మలాగానూ ఉంటారు. జిగ్గీ అనే పాత్ర వేరే లోకం నుంచి దిగినవాడన్న కథకు అంతకన్నా ఏం కావాలి?

మరుసటి ఏడే 'అలాడిన్ సేన్'. వీధి పోయింది, తెల్లటి నేపథ్యం మీద ముఖమూ భుజాలే మిగిలాయి. కళ్లు మూసి ఉన్నాయి, ముఖం మీదుగా ఎరుపు నీలం మెరుపు. ఫోటో బ్రయాన్ డఫీది, మేకప్ పియర్ లరోష్‌ది. ఆ మెరుపు ఆకారం స్టూడియోలో ఉన్న రైస్ కుక్కర్ మీది గుర్తు చూసి తట్టిందని చెబుతారు! మెడ కింద నీటిబొట్టును ఫిలిప్ కాజిల్ ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలితో రంగు చిమ్మే పరికరంతో, వేశాడు.

దీని అచ్చు గురించి కాస్త ఆగి చెప్పాలి. మామూలు కలర్ ప్రింటింగ్‌లో సిరాలు నాలుగే: నీలి, గులాబీ, పసుపు, నలుపు. మిగతా రంగులన్నీ వీటి చుక్కల కలయికే. అందుకే మండే నారింజ, చిక్కటి నీలం కాగితం మీదికి వచ్చేసరికి వెలవెలబోతాయి. ఈ అట్టకు ఏడు రంగులు వాడారు. ఒక్కో రంగుకూ ఒక్కో అచ్చు ప్లేటు కావాలి కాబట్టి రంగు పెరిగితే ప్లేటు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఒక్క ప్లేటు వెంట్రుకవాసి జరిగినా రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరడం) తప్పి, మెరుపు అంచున రెండో గీత తేలుతుంది. ఖర్చు కావాలనే పెంచారు: అట్ట మీద అంత పెట్టిన కంపెనీ రికార్డును అమ్మకుండా ఊరుకోదని బౌవీ మేనేజర్ లెక్క.

1977లో రెండు అట్టలు. 'లో' (Low) అనే రికార్డు మీద నారింజ నేపథ్యంలో పక్కకు తిరిగిన ముఖం. ఇంగ్లీషులో పక్కనుంచి కనిపించే ముఖాన్ని ప్రొఫైల్ అంటారు, 'లో ప్రొఫైల్' అంటే ఎవరి కంటా పడకుండా ఒదిగి ఉండటం. పేరూ బొమ్మా కలిస్తేనే ఆ చమత్కారం. 'హీరోస్'కి మసయోషి సుకితా తీసిన నలుపు తెలుపు ఫోటో: తోలు జాకెట్టు, కొయ్యబారిన చెయ్యి. మేకప్ హంగామా మాయం.

2013లో 'ది నెక్స్ట్ డే'కి డిజైనర్ జొనాథన్ బార్న్‌బ్రూక్ కొత్త ఫోటో జోలికే పోలేదు. పాత 'హీరోస్' అట్ట తీసుకుని, పేరు కొట్టేసి, ముఖం మీద తెల్ల చదరం పెట్టాడు. పాతది గుర్తున్నవాళ్లకే ఇది పనిచేస్తుంది, తెలియనివాళ్లకు అచ్చుతప్పులా ఉంటుంది. నాకు మాత్రం అన్నిటిలోకీ ధైర్యమైనది ఇదే. 2016 జనవరి 8న 'బ్లాక్‌స్టార్' వచ్చింది. ముఖమే లేదు, నక్షత్రమొక్కటే. కింద ఉన్న నక్షత్రపు ముక్కలే ఆయన పేరు. రెండు రోజులకు ఆయన చనిపోయాడు.

మీకిష్టమైన గాయని అట్టలు నాలుగు ఒకే సైజులో ప్రింట్ తీసి చూడండి. పేరును కాగితంతో మూయండి. స్కేలుతో ముఖం ఎత్తు కొలిచి, అట్టలో ఎన్నో వంతో రాయండి. కళ్లు మనల్ని చూస్తున్నాయా, పక్కకా, మూసి ఉన్నాయా? తర్వాత నేపథ్యం, చివర్న అక్షరాలు. దుస్తులతో మొదలుపెట్టకండి, కన్ను అక్కడే చిక్కుకుపోయి మిగతావి చూడదు.

సొంతంగా అట్ట గీసేవాళ్లు 3000 పిక్సెళ్ల చదరం చేసుకుని, ముందు దాన్ని ఒక సెంటీమీటరుకు కుదించి చూడండి. సన్నటి అక్షరాలు అక్కడే మాయమవుతాయి. అచ్చుకు ఇస్తే చుట్టూ 3 మిల్లీమీటర్లు బొమ్మను అదనంగా పొడిగించండి, లేదంటే కత్తిరింపు తేడాపడి అంచున తెల్లగీత మిగులుతుంది.

ఆశీస్సులతో,
తాతయ్య