పన్ను కడితే పొగ తగ్గిపోతుందా తాతా?

చిన్నీ, నానీ,

మొన్న ఫోన్‌లో మీరడిగిన ప్రశ్నకి మీ నాన్న నవ్వేసి ఊరుకున్నాడు గానీ ప్రశ్న మంచిదే. పదిహేనేళ్లు దాటిన మన కారుకి మళ్లీ రిజిస్ట్రేషన్ ఫీజేమిటి, దానిమీద పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్ ఏమిటి, కట్టేస్తే పొగ తగ్గిపోతుందా అని కదా. తగ్గదమ్మా. 2022 ఏప్రిల్‌కి ముందు 600 రూపాయలున్న ఆ ఫీజుని 5,000 చేశారు, పాత బండి ఉంచుకోవడం బరువనిపిస్తే మనిషి కొత్తదాని వైపు చూస్తాడని.

నాకు గిట్టనిదల్లా ఒకటే. ఈ పన్ను బండి వయసు అడుగుతుంది, పొగ సంగతి అడగదు. ఆదివారం అరసవల్లి వెళ్లొచ్చే మన కారుకీ, రోజూ టెక్కలి దాకా తిరిగే అదే వయసు కారుకీ తేడా లేదు. బ్రిటన్‌లో 2001 నుంచి 2017 దాకా వచ్చిన కొత్త కార్లకి ఏటా కట్టే పన్నుని అవి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని బట్టి లెక్కగట్టారు. మన దగ్గర 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ చిన్న కార్లకి 18 శాతం, పెద్దవాటికి 40, ఎలక్ట్రిక్‌కి 5. చిన్నది అనిపించుకోవాలంటే ఇంజన్ సైజుతో పాటు పొడవు కూడా నాలుగు మీటర్లు దాటకూడదు, అంటే టేపు పెట్టి కొలిచి పన్ను వేస్తున్నట్టే!

పొగని నిజంగా పట్టుకున్నది ప్రమాణాలు, అంటే కొత్త బండి ఎంత పొగ వదలొచ్చో ప్రభుత్వం గీసిన హద్దులు, అదే మీరు వినే బీఎస్-4, బీఎస్-6 (బీఎస్ అంటే భారత్ స్టేజ్). 2020 ఏప్రిల్‌లో మనవాళ్లు అయిదుని వదిలేసి ఏకంగా ఆరుకి దూకారు. డీజిల్ కారు కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల మసి వదలొచ్చన్న చోట 4.5కి దించారు, నైట్రోజన్ ఆక్సైడ్లు 250 నుంచి 80కి. మసిని పట్టడానికి పొగ గొట్టంలో ఒక ఫిల్టర్ పెడతారు, అది అందులో పేరుకుంటుంది, గొట్టం బాగా వేడెక్కినప్పుడు అక్కడే కాలిపోతుంది. ఊళ్లోనే ఏడు రోడ్ల జంక్షన్ నుంచి డే అండ్ నైట్ జంక్షన్ దాకా మాత్రమే తిరిగే కారుకి ఆ వేడి ఎక్కడిది? ఫిల్టర్ నిండి డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. మా వీధిలో ఒకాయన టెన్షన్ పడి షెడ్డుకి తీసుకెళ్తే మెకానిక్ పానా కూడా తియ్యలేదట, "బాబూ, హైవే ఎక్కించి ఓ అరగంట ఆపకుండా తోలండి" అన్నాడట, లైటు ఆరిపోయింది.

ఇవన్నీ పనిచెయ్యాలంటే ముందు బంకులో పోసేది మారాలి. గంధకం ఎక్కువుంటే ఈ సామాను పాడైపోతుంది, అందుకే ఇంధనంలో దాన్ని పది లక్షల్లో 50 వంతుల నుంచి 10కి తగ్గించారు. ఆ పని రిఫైనరీలు చెయ్యాల్సిందే, మనం ఎంత పన్ను కట్టినా మన చేతిలో లేదు.

కార్బన్ డయాక్సైడ్‌కి మాత్రం ఏ ఫిల్టరూ లేదు. లీటరు పెట్రోలు కాలిస్తే దాదాపు 2.3 కిలోలు వస్తుంది, కొత్త కారైనా అంతే, పాతదైనా అంతే. తక్కువ తాగే బండి కావాలి, లేదా తక్కువ తిరగాలి. అందుకే కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మీద కేంద్రం పరిమితి పెట్టింది, కిలోమీటరుకి 113 గ్రాములు.

సంక్రాంతికి మీరొచ్చేసరికి మన కారు పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోతుంది. బంకు దగ్గరికి నాతో రండి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టినప్పుడు కంప్యూటర్‌లో ఏ అంకె వస్తుందో మీరే చదివి చెప్పండి.

మీ తాతయ్య,
శ్రీకాకుళం