పాత పికప్‌లలో ఆయిల్ ప్రెజర్: అపోహలు - వాస్తవాలు

రోహిణి కార్తె ఎండలో రొయ్యల పెట్టెలతో భీమవరం వైపు నుంచి వస్తున్న పాత పికప్ రైలు గేటు దగ్గర ఆగుతుంది. రోడ్డు మీద 45 పీఎస్ఐ (ప్రెజర్ కొలత) చూపించిన ఆయిల్ మీటరు ముల్లు, ఇంజిన్ స్లోలో తిరుగుతూ ఉండగానే 12కు దిగిపోతుంది. గేటు తీయగానే డ్రైవరు తిన్నగా మా షెడ్డుకు వచ్చి, బేరింగులు అరిగిపోయాయేమోనని అడుగుతాడు.

బాగున్న ఇంజిన్‌లో ముల్లు ఎప్పుడూ ఒకే అంకె మీద నిలబడాలన్నదే అతని భయానికి మూలమైన అపోహ. ఆయిల్ పంపు ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది కనుక ఇంజిన్ నెమ్మదిస్తే పంపు తోసే ఆయిల్ తగ్గుతుంది. పైగా వేడెక్కిన ఆయిల్ పలుచబడి బేరింగుల సందుల్లోంచి సులువుగా జారిపోతుంది. చాలా పాత ఇంజిన్లలో వేడి మీద స్లోలో 10 నుంచి 20 పీఎస్ఐ, రోడ్డు వేగంలో 30 నుంచి 50 వరకు ఉండటం మామూలే. తెల్లవారుజామున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు 60 దాటినా కంగారు పడనక్కరలేదు. ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 10 పీఎస్ఐ అన్నది మెకానిక్కుల ఉజ్జాయింపు లెక్క మాత్రమే, ఖచ్చితమైన అంకెకు ఆ బండి సర్వీసు పుస్తకమే ప్రమాణం. మీటరు మీద ఏ కొలత రాసి ఉందో కూడా చూడాలి: ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ కనుక, వేడి ఇంజిన్ స్లోలో ఉండగా బార్ మీటరులో ముల్లు 1 దగ్గర ఉందని హడలిపోయేవారు ఊరికే హడలిపోతున్నట్టే.

ప్రెజర్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ, తగ్గితే చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందనీ అనుకోవడం వీటన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసే అపోహ. పంపు ఆయిల్‌ను ముందుకు తోస్తుంది, ఆ ప్రవాహానికి దారిలో ఎదురయ్యే అడ్డంకి వల్ల ప్రెజర్ పుడుతుంది. 15డబ్ల్యూ-40 రకం ఆయిల్ పోయవలసిన చోట అంతకంటే చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే ముల్లు పైకి లేస్తుంది గానీ, అరిగిన బేరింగు అరిగినట్టే ఉంటుంది, పొద్దున్న స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగంలో వాల్వులను నొక్కే రాకర్ల దాకా ఆయిల్ చేరడం మాత్రం ఆలస్యమవుతుంది. అంతకంటే ముఖ్యంగా, డీజిల్ చిమ్మే ఇంజెక్టరు కారి డీజిల్ ఆయిల్‌లో కలుస్తున్నా ప్రెజర్ పడిపోతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గకపోగా పెరుగుతూ, వాసన డీజిల్‌లా వస్తుంటే, చిక్కటి ఆయిల్ ఆ జబ్బును కొన్నాళ్లు కప్పిపుచ్చుతుందే తప్ప నయం చేయదు.

గుర్తు దాటి ఆయిల్ పోస్తే ప్రెజర్ పెరుగుతుందన్నదీ నిజం కాదు. మట్టం మరీ పెరిగితే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, ఆ నురగను పీల్చిన పంపు ప్రెజర్‌ను నిలబెట్టలేదు. మన డెల్టా అంతా పళ్లెంలా చదునుగా ఉన్నా, బళ్లు నిలిపే కాలువ గట్లు వాలుగానే ఉంటాయి. అక్కడ చూసిన డిప్‌స్టిక్ లెక్క నమ్మదగినది కాదు. చదును నేల మీద, ఇంజిన్ ఆపి పది నిమిషాలాగి చూడాలి.

మీటరు చూపించిందల్లా నిజమనుకోవడం ఇంకొకటి. చాలా పాత బళ్లలో ఇంజిన్‌కు బిగించే ప్రెజర్ యూనిట్ తన మరల ద్వారానే ఎర్త్ తీసుకుంటుంది. రొయ్యల పెట్టెల్లోంచి కారే ఉప్పునీటికి వైరు కొసలు చిలుం పట్టినా, మరలకు టేపు దళసరిగా చుట్టి బిగించినా ముల్లు తప్పుడు అంకె చూపవచ్చు. అమెరికాలో ఫోర్డ్ పాత పికప్‌లు కొన్నింటిలోనైతే ముల్లు మీటరు ఉన్నా, దాని వెనక ఉండేది ప్రెజర్‌ను కొలవని ఆన్-ఆఫ్ స్విచ్చే! అందుకే ఇంజిన్ విప్పమనే ముందు, యూనిట్ తీసిన రంధ్రంలో చేతి ప్రెజర్ మీటరు బిగించి, వేడి ఇంజిన్ మీద స్లోలోనూ రైజింగ్‌లోనూ చూపించమని అడగండి.

ఇక ఆయిల్ ప్రెజర్ తగ్గితే డాష్‌బోర్డులో వెలిగే ఎర్ర లైటు విషయం. స్లోలో మినుకుమని, రైజ్ చేస్తే ఆరిపోతోంది కదా అని లోడుతో ఇంటిదాకా వచ్చేస్తుంటారు. ఆ లైటును వెలిగించే స్విచ్ సాధారణంగా 4 నుంచి 7 పీఎస్ఐ దగ్గర పనిచేస్తుంది కనుక, లైటు వెలిగేసరికి మిగిలిన ప్రెజర్ చాలా కొద్ది. స్విచ్ లోపం కూడా కావచ్చు గానీ, అది తేలేవరకు బండి నడపకూడదు. వెంటనే ఇంజిన్ ఆపి ఆయిల్ మట్టం చూడాలి. మట్టం సరిగ్గానే ఉంటే, లేదా ఆపేముందు లోపలి నుంచి కొట్టుకుంటున్న శబ్దం వచ్చి ఉంటే, మళ్లీ స్టార్ట్ చేయకుండా గేరు న్యూట్రల్‌లో పెట్టి బండిని షెడ్డు వరకు లాగించుకు రావాలి.